నెమలిని వెదకిన మయూరము దొరకునా?

తిరువూరు ప్రాంతమున నెమలి యను గ్రామము కలదు. వేణుగోపాలస్వామి కోవెల వలన ఆ పేరు పలువురెరిగినదే. ఆ యూరి బాలుడొకడు కంప్యూటరులో "నెమలి" అని వెదకినచో పక్షియు, ఊరును కలగలసి దొరకును. మయూరము, కేకి, శిఖి యను పేర్లతో కావ్యములలో నున్న వర్ణనలు మాత్రము దొరకవు. అక్షరములను పోల్చు యంత్రమునకు అర్థముతో పనిలేదు గదా!

మన పూర్వులకు ఈ చిక్కు తెలియనిది కాదు. అమరకోశము పదములను అర్థమునుబట్టి వర్గములుగా కూర్చినది. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము ఆ దారినే నడచి, నానార్థములకు వేరొక వర్గము నేర్పరచినది. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము అకారాది క్రమమున నున్నది. పదము తెలిసినవానికి అకారాది. అర్థము మాత్రమే తెలిసినవానికి వర్గము. రెండును కావలసినవే.

నేటి వెక్టరు అన్వేషణ ఆ రెండవ పనినే చేయుచున్నది. ఇంటరు విద్యార్థులు చదువు సదిశయే ఈ వెక్టరు. ప్రతి పేరాను కొన్ని వందల సంఖ్యల వరుసగా మార్చుదురు. అర్థము దగ్గరైనచో సంఖ్యలును దగ్గరగా నుండును. 2013లో వచ్చిన వర్డ్‌టువెక్ పద్ధతిలో మాటకు ఒకే వరుస. శిఖి యనగా నెమలియో, అగ్నియో అది తేల్చలేదు. 2018 నుండి వ్యాపించిన పద్ధతులు చుట్టునున్న మాటలను చూచి అర్థమును గ్రహించుచున్నవి.

ఇందులకు దూరదేశపు యంత్రములే కావలెనా? లక్ష పేరాలు, పేరాకు 384 సంఖ్యలు, సంఖ్యకు 4 బైట్లు: మొత్తము 154 మెగాబైట్లకు మించదు. పాఠశాలలోని సాధారణమైన కంప్యూటరే సర్వరు కాగలదు. కావలసిన సామగ్రిని ఒకసారి దింపుకొన్న పిమ్మట ఇంటర్నెట్టు లేకున్నను పని సాగును. పిల్లలడుగు ప్రశ్నలు బడి గోడలు దాటిపోవు. ఇది చిన్న లాభము కాదు.

అయినను ఒక జాగ్రత్త అవసరము. ఈ అన్వేషణకు "లేదు" అనుట దానంతట తెలియదు. ఏమడిగినను ఉన్నవానిలో దగ్గరిదానిని చూపును. నెమలి గ్రామ చరిత్రను అందు చేర్చకున్నచో, పక్షివర్ణననే తెచ్చి ముందుంచును. కావ్యభాషను తక్కువగా చదివిన యంత్రము తడబడుటయు సహజమే. కావున ప్రతి ఫలితము ప్రక్కన గ్రంథము పేరు, పుటసంఖ్య ఉండి తీరవలెను. సమాధానములు తెలిసిన ఇరువది ప్రశ్నలతో ఉపాధ్యాయులు ముందుగా దానిని పరీక్షింపవలెను.

గురజాడ 1915లోను, కందుకూరి 1919లోను గతించిరి. వారి రచనలపై హక్కుల గడువు ఏనాడో తీరినది. వానితో ఆరంభించి, ఊరి పెద్దలు చెప్పు విషయములను, పొలముల పేర్లను, సేద్యపు మాటలను విద్యార్థులచే తప్పులు లేకుండ వ్రాయించి చేర్చవలెను. సర్వరును నిలుపుట కొలది దినముల పని. దానిలో నింపదగిన తెలుగును సిద్ధపరచుట ఏండ్ల పని. ఆ రెండవ పని బడిపంతుళ్ళు పూనుకొననిదే జరుగదు. అది జరిగిననాడు ఆ బాలునికి మయూరమును దొరకును, తన ఊరును దొరకును.