నివ్వెరపోయేది ఎవరు?

ఈమధ్య బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి మా పత్రికకు కథలు బాగా వస్తున్నాయి. రాసేవాళ్ళు చాలావరకు సాఫ్ట్‌వేర్, స్టార్టప్ ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు. పీజీ గదులు, సిల్క్‌బోర్డ్ జంక్షన్లో కదలని క్యాబులు, అర్ధరాత్రి కాల్స్, ఉద్యోగం ఊడిందని చెప్పే మెయిళ్ళు. తెలుగు కథకు ఇదంతా కొత్త సరుకు. చూపు కూడా నిశితంగా ఉంది. ఒక్కచోట మాత్రం కలం తడబడుతోంది. పాత్రకు అనుకోనిదేదైనా ఎదురైతే చాలు, వాక్యం ఇంగ్లీషు నడక అందుకుంటోంది. "ఆ మెయిల్ ఆమెను షాక్‌కు గురిచేసింది." "ఈ నగరం అతణ్ణి ఆశ్చర్యపరిచింది." "అతని ప్రేమ ఆమెను ఓవర్‌వెల్మ్ చేసింది."

మా అభ్యంతరం షాక్ అనే మాట మీద కాదు. ఇదే పిల్లలు సాయంత్రం 27వ మెయిన్ రోడ్డు మీద టీ కొట్టు దగ్గర నిలబడితే ఎలా మాట్లాడుకుంటారో వినండి. "పది నెలల అద్దె అడ్వాన్సుగా కట్టమన్నాడు మామా, దిమ్మ తిరిగిపోయింది." "నేనూ అట్లాగే షాక్ తిన్నా." ఎంత చక్కటి తెలుగు! షాక్ ఇంగ్లీషుదే, తినడం మాత్రం మనది. దెబ్బ తిన్నాం, మొట్టికాయ తిన్నాం, కంగు తిన్నాం. ఆ వరసలోనే షాకూ తిన్నాం. 'మైండ్ బ్లాక్ అయింది' కూడా అంతే. రెండు మాటలూ ఇంగ్లీషువే అయినా ఆ పలుకుబడి మనవాళ్ళ నోట్లో తయారైంది. నోటితో ఇంత స్వేచ్ఛగా మాట్లాడేవాళ్ళు కాగితం ముందు కూర్చునేసరికి 'గురిచేసింది' అంటున్నారు. బాధ అక్కడ.

ఇంగ్లీషు క్రియలకు ఆ నడక సహజం. స్టన్, అస్టానిష్, అస్టౌండ్ మూడింటి వెనకా లాటిన్‌లో ఉరమడమనే ధాతువుంది. సర్‌ప్రైజ్ అంటే పాత ఫ్రెంచిలో హఠాత్తుగా మీదపడి పట్టుకోవడం. పెట్రిఫై అంటే రాయిగా మార్చేయడం. అన్నిట్లోనూ కొట్టేవాడొకడు, దెబ్బ తగిలేవాడొకడు. అందుకే వాళ్ళ వాక్యంలో ఉరుముకే పెద్దపీట. మన దగ్గర ఆ పీట మనిషిది. మనిషి నివ్వెరపోతాడు, విస్తుపోతాడు, బిత్తరపోతాడు, ఉలిక్కిపడతాడు, అదిరిపడతాడు. ఎదుటివాడు కావాలని చేసినప్పుడు చెప్పడానికి అదరగొట్టడం, హడలెత్తించడం, మతి పోగొట్టడం ఉండనే ఉన్నాయి. కానీ మెయిల్‌కు అలాంటి ఉద్దేశమేమీ లేదు. కథ చదివేవాడు ఉద్యోగం పోయిన అమ్మాయి పక్కన నిలబడాలి. 'ఆ మెయిల్ ఆమెను' అని మొదలుపెట్టగానే అతని కళ్ళు మెయిల్ మీదికి వెళ్తాయి.

ఇక ఆ అమ్మాయికి అసలు ఏమైంది? షాక్‌కు గురికావడంలో అది తెలియదు. మెయిల్ వచ్చిన చప్పుడుకే ఉలిక్కిపడిందా? చదివి తెల్లబోయిందా? తెల్లబోవడంలో ముఖంలో రక్తం ఇంకిపోవడం కనిపిస్తుంది, పెట్టుకున్న ఆశ కూడా కనిపిస్తుంది. నిన్నటి తన పొరపాటు గుర్తొచ్చి గతుక్కుమందా? అది లోపల జరిగేది, పక్క సీటువాళ్ళకు కూడా తెలియదు. తనకేం ఢోకా లేదనుకున్న మనిషి అయితే కంగు తింటుంది. మాట పడిపోతే అవాక్కవుతుంది. ఒంట్లో కదలికే లేకపోతే మ్రాన్పడుతుంది; మ్రాను అంటే చెట్టు. ఇంగ్లీషువాడు రాయయ్యేచోట మనం మానవుతాం, కొయ్యబారిపోతాం. నివ్వెరలో వెరగు ఉంది, వెరగంటేనే ఆశ్చర్యం. ఈ మాటల్లో ఒకదాని చోట మరొకటి పెడితే కథే మారిపోతుంది. పత్రికల భాష వీటన్నిటినీ 'దిగ్భ్రాంతి'లో కలిపేయడం చూస్తూ పెరిగిన తరానికి ఈ తేడాలు ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పే బాధ్యత మాబోటి పత్రికలది.

ఓవర్‌వెల్మ్ సంగతి వేరు. దానికి తెలుగు లేదని ఒక రచయిత్రి ఉత్తరంలో రాశారు. నిజానికి చాలానే ఉన్నాయి. సంతోషం పట్టలేకపోతే తబ్బిబ్బవుతాం. అన్నీ ఒక్కసారే మీదపడితే ఉక్కిరిబిక్కిరవుతాం, ఊపిరి ఆడదు. పని నెత్తికెక్కితే తలమునకలవుతాం. మధ్యయుగపు ఇంగ్లీషులో వెల్మ్ అంటే బోర్లించడం. ఓవర్‌వెల్మ్‌లో కెరటాల కింద మునిగే పడవ కనిపిస్తుంది. మన మాటలో మునిగేది మనిషి తల. 2022 సెప్టెంబరు వానలకు ఔటర్ రింగ్ రోడ్డు, బెళ్ళందూరు, సర్జాపుర రోడ్డు ప్రాంతాలు నీట మునిగి ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్ళారు. ఆ వాన మీద రాసే కథలో తలమునకలు అన్నమాట ఎంత బరువు మోయగలదో ఆలోచించండి!

ఈ పిల్లలకు గుర్తుచేయవలసింది ఇంకొకటుంది. హెచ్‌ఎస్‌ఆర్ అంటే హోసూరు–సర్జాపుర రోడ్డు. ఆ ప్రాంతం పాతకాలపు మొరసునాడు. అక్కడ తెలుగు భాష ఈ కంపెనీలతో వచ్చింది కాదు. బెంగళూరును కట్టించిన కెంపేగౌడ తెలుగులో 'గంగాగౌరీ విలాసం' అనే యక్షగానం రాశాడని చెబుతారు. అగర, బెళ్ళందూరు వంటి పాత ఊళ్ళలో ఇవాళ్టికీ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. మీ ఇంటి యజమానురాలే ఆ తెలుగు మనిషి కావచ్చు. అద్దె ఇచ్చేటప్పుడు రెండు నిమిషాలు కూర్చోండి. చెరువు గట్టు తెగిన రోజు గురించో, తాము రాగులు పండించిన చేలో అపార్ట్‌మెంట్ లేచినప్పటి సంగతో అడగండి. అప్పుడు తనకేమైందో ఆమె ఏ మాటతో చెప్పిందో ఉన్నదున్నట్టు రాసి పంపండి. వచ్చే సంచికలో ఆ మాటలకు పేజీలు అట్టే పెడుతున్నాం.