తొలి పనిముట్టు

డిగ్రీ చదువుచున్న మా మేనల్లుడు సెలవులకు మా యింటికి వచ్చి, తమ వీధిలోని శాఖా గ్రంథాలయమునకు పుస్తకముల పట్టికను చూపెడు వెబ్ అప్లికేషను నొకదానిని నిర్మింపవలెనని సంకల్పించి, అందులకు ఏ పనిముట్టు నెన్నుకొనవలెనో తేలక రెండు వారములు వీడియోలు చూచుటయందే గడపితినని చెప్పినప్పుడు, నాకు వానియెడల మిక్కిలి జాలి కలిగినది. జాంగో, ఫ్లాస్క్, లారవెల్, రైల్స్, నోడ్, రియాక్ట్ అను పేర్లు వాని నోట అష్టోత్తరమువలె దొర్లుచున్నవి. కాని బ్రౌజరునందు చిరునామా టైపుచేసి ఎంటర్ నొక్కిన పిదప జరుగునదేమని నేనడుగగా వాడు మాటలాడలేదు. వాని చిక్కంతయు అచటనే యున్నది.

బ్రౌజరు ఒక అభ్యర్థనను పంపును. ఎచటనో యున్న సర్వరు దానిని గ్రహించి, చిరునామాను బట్టి ఏ ఫంక్షనును పిలువవలెనో నిర్ణయించి, అవసరమగుచో డేటాబేసును ప్రశ్నించి, కడకు హెచ్‌టీఎంఎల్ పుటను కూర్చి తిరిగి పంపును. పంపిన మరుక్షణమే అడిగినవారిని మరచిపోవును. లాగిన్, కుకీ, సెషన్ మున్నగునవి యీ మరపునకు విరుగుడుగా పుట్టినవే. ఈ రాకపోకలను ఏ పనిముట్టు కన్నులకు కట్టినట్లు చూపునో అదియే నూతనాభ్యాసికి తగినదని నా నిశ్చితాభిప్రాయము.

అట్టి గుణము ఫ్లాస్కునందు నాకు కన్పించినది. ఆర్మిన్ రోనకర్ 2010లో పైథాన్ భాషకై వెలువరించిన యీ చిన్న ఫ్రేమ్‌వర్కుతో, ఒక్క ఫైలులో, ఐదారు పంక్తులతోనే తొలి పుట తెరపై ప్రత్యక్షమగును. ఏ చిరునామాకు ఏ ఫంక్షను బదులు చెప్పునో ఆ ఫంక్షను నెత్తిపై వ్రాసిన ఒక్క పంక్తి తెలుపును. పైథానుతోడనే లభించు ఎస్‌క్యూలైట్ ఒక్క ఫైలులో ఇమిడియుండు డేటాబేసు గావున, వేరొక సర్వరును నెలకొల్పు శ్రమయు లేదు.

బ్రౌజరుకు తెలిసిన జావాస్క్రిప్టే 2009లో వచ్చిన నోడ్ మూలమున సర్వరునందును నడుచుచుండగా, రెండవ భాష యేల యని కొందరందురు. వాదము బలమైనదే, కాని ముందు వ్రాసిన పంక్తి ఫలితము తరువాతి పంక్తి నడిచిన పిదప వచ్చుట యను అసమకాలిక పద్ధతి, అభ్యర్థన యనగానేమో తెలియని విద్యార్థిని ఆరంభముననే తికమకపెట్టును.

పైథానుదే యైన మరియొక ఫ్రేమ్‌వర్కు జాంగో కథ వేరు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున, లారెన్స్ పట్టణపు వార్తాపత్రిక కార్యాలయములో అది పుట్టి 2005లో లోకమునకు వెల్లడియైనది. గడువు ముంచుకొని వచ్చుచుండగా గంటలలో వెబ్‌సైటులు కట్టవలసిన ప్రోగ్రామర్లును, ప్రోగ్రామింగు తెలియకయే వార్తలు ఎక్కింపవలసిన విలేఖరులును ఒక్క కప్పుక్రింద నుండుటచే, దానికి సిద్ధమైన నిర్వహణ పుటలు అమరినవి. పత్రికలో వ్రాయువాడను గావున నాకు ఆ పుట్టుకపై మమకారము కలదు. అయినను అది యిచ్చు సౌఖ్యము ఏ శ్రమకు ప్రతిగా వచ్చినదో ఎరుగుటకు, ఆ శ్రమను ఒక్కసారియైనను తన చేతులతో పడియుండవలెను. ఫారములో వచ్చిన మాటను, డేటాబేసును ప్రశ్నించు ఎస్‌క్యూఎల్ వాక్యమునకు నేరుగా అతికించినచో దొంగకు తలుపు తీసినట్లేయని, దాని చోట ప్రశ్నార్థకపు గురుతు పెట్టి విలువను వేరుగా పంపవలెనని ఫ్లాస్కులో నేర్చినవాడు, ఆ జాగ్రత్తను జాంగో తనంత తానే వహించుట చూచి దాని విలువ నెరుగును. కావున ముందు ఫ్లాస్కు, ఆరు మాసముల పిదప జాంగో. నడుమ మరియొకదాని వంక చూడవద్దని వానికి గట్టిగా చెప్పితిని.

మూడవనాటి సాయంకాలము వాని తెరపై 404 అను దోషము కన్పట్టినది. నేను లేచి చూడబోవునంతలో వాడే, "సర్వరు దాకా వెళ్ళింది మామయ్యా, ఆ చిరునామాకు మనం ఫంక్షన్ రాయలేదు, అంతే" అనుచు కీబోర్డు దగ్గరకు జరుపుకొనెను.