తల్లిని చూపిస్తారా?

ఇల్లు కొనాలంటే దస్తావేజులు చూస్తాం. పాత స్కూటరు కొన్నా ఆర్‌.సి. అడుగుతాం. వేలకు వేలు పోసి కుక్కపిల్లను కొనేటప్పుడు మాత్రం ఏ కాగితమూ గుర్తురాదు. ముద్దుగా ఉంటే చాలు!

చిక్కడపల్లిలో ఒకాయనకు ల్యాబ్రడార్ పిల్ల కావాలనుకోండి. అశోక్‌నగర్‌లో ఉండే స్నేహితుడు ఓ ఫోన్ నంబరు ఇస్తాడు. ఆ నంబరాసామికి సొంతంగా కుక్కలుండవు. ఎక్కడో పుట్టిన పిల్లను తెచ్చి ఇచ్చి, మధ్యలో కమిషన్ తీసుకుంటాడు. 'నాదేముంది సార్, ఇప్పించడం వరకే' అంటాడు.

చట్టం ఆ మాట ఒప్పుకోదు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద కేంద్రం 2017లో కుక్కల పెంపకం, అమ్మకాలకు నిబంధనలు తెచ్చింది. వాటిలో 'బ్రీడర్' అంటే కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లే కాదు... మధ్యవర్తి, వ్యాపారి కూడా. అందరూ రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించుకోవాల్సిందే. ఆ రిజిస్ట్రేషన్ రెండేళ్లే చెల్లుతుంది. దుకాణాలకైతే 2018లో వేరే నిబంధనలు వచ్చాయి.

ఇంత పట్టింపు ఎందుకంటారా? పార్వో వైరస్ సోకిన పిల్ల కొన్నిరోజులపాటు హుషారుగానే కనిపిస్తుంది. బేరం కుదిరి, ఇంటికొచ్చి, పిల్లలంతా పేరు పెట్టుకున్నాక వాంతులు, రక్త విరేచనాలు మొదలవుతాయి. నారాయణగూడ పశువైద్యశాలకు పరుగెత్తేసరికే ఆలస్యం కావచ్చు. అప్పుడు ఆ ఫోన్ నంబరు పలకకపోతే ఎవరిని అడగాలి? రిజిస్ట్రేషన్ ఉన్న మనిషికైతే ఓ పేరు, ఓ చిరునామా, లెక్కలు ఉంటాయి.

ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. టీకాలు వేయించాలి, ఒంట్లో మైక్రోచిప్ పెట్టించాలి. తల్లి పక్కన, తోడబుట్టినవాటితో ఆడుకునే ఆ వారాల్లోనే పిల్ల ఎంత గట్టిగా కొరికితే ఎదుటిదానికి నొప్పి పుడుతుందో నేర్చుకుంటుంది. ముందే విడదీస్తే ఆ పాఠం అందదు.

తల్లి సంగతీ ఉంది. పద్దెనిమిది నెలలు నిండకుండా దాన్ని కట్టించకూడదు. ఏడాదికి ఒక్క ఈతే, జీవితం మొత్తంలో అయిదే. మధ్యవర్తి చేతిలో పిల్ల ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి, ఆ తల్లి ఏ ఇరుకు బోనులో ఎన్నోసారి ఈనిందో కొనేవారికి తెలియదు. తెలియకుండా ఇచ్చిన డబ్బే ఆ బోనును నడిపిస్తుంది.

కొనేవారికీ బాధ్యత ఉంది. హైదరాబాద్‌లో పెంపుడు కుక్కకు నగరపాలక సంస్థ లైసెన్సు తీసుకోవాలి. ఏటా రేబిస్ టీకా వేయించాలి.

బేరానికి ముందే నాలుగు ప్రశ్నలు అడగండి. రిజిస్ట్రేషన్ పత్రం ఉందా? పిల్ల పుట్టిన తేదీ ఏమిటి? టీకాల కార్డు, చిప్ నంబరు ఏవి? తల్లిని చూపిస్తారా? చివరి ప్రశ్నకు నసిగితే మాత్రం, పిల్ల ఎంత ముద్దుగా ఉన్నా అడ్వాన్సు ఇవ్వకండి.