సరిహద్దు తాలూకాల దివ్యాంగ బాలలు: పరీక్ష ఏ భాషలో?

ధర్మాబాద్, బిలోలి, దేగ్లూర్, కిన్వట్ తాలూకాలలో దివ్యాంగుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా సంభాషణ పింఛను దగ్గర మొదలై పింఛను దగ్గరే ముగుస్తున్నది. అందుకు కారణం లేకపోలేదు. తెలంగాణ ప్రభుత్వం దివ్యాంగుల ఆసరా పింఛనును 2019లో రూ.3,016కు, 2023లో రూ.4,016కు పెంచింది. మహారాష్ట్రలో సంజయ్ గాంధీ నిరాధార్ అనుదాన్ యోజన కింద లభించే రూ.1,000ని 2023లో రూ.1,500 చేశారు. 2025లో దివ్యాంగుల వరకు దానిని రూ.2,500కు పెంచారు. మంజీరకు ఇవతలి గట్టున కాపురమున్న అక్క, అవతలి గట్టున ఉన్న చెల్లెలి ఇంటితో పోల్చుకోవడం సహజం. 2018లో ధర్మాబాద్ ప్రాంతపు గ్రామాలు కొన్ని తమను తెలంగాణలో కలపాలని కోరినప్పుడు కూడా సంక్షేమ పథకాలలోని తేడాయే ప్రధాన కారణంగా వినవచ్చింది.

అయితే పింఛను కన్నా ముందు రావలసిన ప్రశ్న ఒకటి ఉన్నది. బిడ్డలో వైకల్యం ఉన్నదా, ఉంటే అది ఏ రకమైనది, ఎంత శాతం అన్న నిర్ణయం ఏ భాషలో జరుగుతున్నది? ఇంట తెలుగు, బడిలోనూ ఆసుపత్రిలోనూ మరాఠీ వినే పసివారి విషయంలో మిగిలిన సేవలన్నీ ఈ ప్రశ్నకు వచ్చే సమాధానం మీదనే ఆధారపడి ఉన్నాయి.

రెండు విధాల పొరపాటు

కొన్నేళ్ల క్రితం నా తరగతిలో ఒక బాలుడు ఉండేవాడు. ‘పాటీ కుఠే ఆహే?’ అని అడిగితే నేల చూపులు చూసేవాడు. ‘పలక ఏదిరా?’ అంటే వెంటనే సంచిలోంచి తీసి చూపేవాడు. అటువంటి పిల్లవానిని మరాఠీలో మాత్రమే ప్రశ్నించి, సమాధానాలు లెక్కించి, బుద్ధిమాంద్యం ఉన్నదని తేల్చితే అది ఆ బిడ్డకు జరిగే అన్యాయం. భాష రాకపోవడాన్ని తెలివి లేకపోవడంగా పొరబడడం మొదటి విధమైన పొరపాటు.

రెండవది దీనికి విరుద్ధమైనది, దీనికన్నా ప్రమాదకరమైనది. మరొక బాలిక పిలిచినా పలికేది కాదు. మాటలు ముద్దముద్దగా వచ్చేవి. ‘ఇంట్లో తెలుగు కదా, మెల్లగా అలవాటవుతుంది’ అని అందరమూ అనుకున్నాము. అనుకున్నవారిలో నేనూ ఉన్నాను. తీరా పరీక్ష చేయించేసరికి ఆ పాపకు రెండు చెవులా వినికిడి లోపమున్నట్లు తేలింది. అప్పటికి ఎనిమిదేళ్లు నిండాయి. పుట్టు చెవుడు గల పిల్లలకు కేంద్ర ప్రభుత్వపు ఎడిప్ పథకం కింద ఉచితంగా కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చేది ఐదేళ్ల లోపు వయసులోనే. మాట నేర్చే తొలి సంవత్సరాలు దాటిపోతే ఏ శస్త్రచికిత్స అయినా ఇవ్వగల ఫలితం తగ్గిపోతుంది. పింఛను ఆలస్యమైతే బకాయితో సహా రావచ్చు గాని, పోయిన ఆ సంవత్సరాలు రావు.

కొలబద్దల సంగతి

మన దేశంలో పిల్లల ప్రజ్ఞను కొలవడానికి దీర్ఘకాలంగా వాడుతున్న సాధనాలలో బినే–కామత్ పరీక్ష ఒకటి. దీనిని 1930 దశకంలో ధార్వాడ్‌లో వి.వి.కామత్ కన్నడ, మరాఠీ మాట్లాడే పిల్లల కోసం రూపొందించారు. ప్రజ్ఞా పరీక్షలో భాష ప్రధానమని, ఒక భాషవారి కొలబద్ద మరొక భాషవారికి యథాతథంగా పనికిరాదని ఆనాడే గుర్తించారన్న మాట. బిడ్డ నిత్యజీవితంలో తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలదో తెలుసుకునే వైన్‌ల్యాండ్ మాపనిని నాగపూర్‌లో ఎ.జె.మాలిన్ భారతీయ పరిస్థితులకు అనువుగా మలిచారు. ఇందులో ప్రశ్నలు వేసేది ముఖ్యంగా తల్లిని. కాబట్టి తల్లికి ప్రశ్న సరిగా అర్థం కాకపోయినా బిడ్డ శాతం మారిపోతుంది. చెక్క ఆకారాలను గుంటలలో అమర్చే సెగ్విన్ బోర్డు వంటి పరీక్షలకు మాట అక్కరలేదంటారు గాని, ఏమి చేయాలో చెప్పడానికైనా ఒక భాష కావాలి.

ఈ శాతాలకు ఎందుకింత ప్రాముఖ్యం? 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నవారికే చట్టం ప్రధానమైన ప్రయోజనాలు కల్పిస్తున్నది. పైగా, 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించగా, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చిన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వాటిని 21కి పెంచింది. కొత్తగా చేరినవాటిలో ఆటిజం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, వాక్కు–భాషా వైకల్యం ఉన్నాయి. ఇవి కాలి వంకరలాగా కంటికి కనిపించేవి కావు. మాటను బట్టి, చదువును బట్టి, రాతను బట్టి గుర్తించవలసినవి. మరాఠీ వాచకం చదవలేకపోతున్న మూడో తరగతి పిల్లవానికి అభ్యసన వైకల్యమా, లేక ఆ భాషే సరిగా రాదా? అతనిని రెండు భాషలలోనూ పరీక్షించకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం సాధ్యం కాదు. చట్టం పరిధి విస్తరించిన కొద్దీ సరిహద్దు తాలూకాలలో భాష సమస్య మరింత పెద్దదైనది.

చట్టంలో ఉన్నదే

తెలుగు కోసం ప్రత్యేక వరం ఏదో కోరుతున్నామని ఎవరూ భావించనక్కరలేదు. అంధులకు, బధిరులకు అత్యంత అనువైన భాషలలో, పద్ధతులలో విద్య అందించాలని 2016 చట్టంలోని 16వ సెక్షన్ చెబుతున్నది. అభ్యసన వైకల్యాలను వీలైనంత త్వరగా గుర్తించాలని కూడా ఆ సెక్షనే నిర్దేశిస్తున్నది. భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు రాష్ట్రాలు తగిన వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతున్నది. ఈ అధికరణం 1956 నాటి ఏడవ సవరణ ద్వారా చేరింది. నాందేడ్ జిల్లా హైదరాబాదు రాష్ట్రం నుంచి విడివడి బొంబాయి రాష్ట్రంలో చేరినది కూడా ఆ సంవత్సరమే. సరిహద్దులు గీసినవారే సరిహద్దుకు ఇరువైపులా చిక్కుకునే పిల్లల గురించి కూడా ఆలోచించారన్నది గమనించదగ్గ విషయం.

మహారాష్ట్రలో ఉంటున్నప్పుడు మరాఠీ నేర్చుకోవాలి కదా అనేవారు ఉన్నారు. తప్పక నేర్చుకోవాలి. నేర్పడం ఈ వ్యాసకర్త వృత్తిలో భాగమే. కాని భాష నేర్పడం వేరు, బిడ్డను కొలవడం వేరు. ‘ఇంట్లో తెలుగు మానేసి మరాఠీయే మాట్లాడండి’ అన్న సలహా కూడా తరచుగా వినవస్తున్నది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం గాని, డౌన్ సిండ్రోమ్ గాని ఉన్న పిల్లల భాషాభివృద్ధికి హాని కలుగుతుందని పరిశోధనలలో రుజువు కాలేదు. తనకు సరిగా రాని భాషలో మాట్లాడవలసిన తల్లి చివరికి బిడ్డతో మాట్లాడడమే తగ్గించుకుంటుంది. నష్టం అక్కడ జరుగుతుంది.

చేయదగిన పనులు

మొదటిది, వైకల్య నిర్ధారణ శిబిరాలలో బిడ్డ ఇంటి భాష ఏదో దరఖాస్తులోనే నమోదు కావాలి. తెలుగు కుటుంబం వచ్చినప్పుడు రెండు భాషలూ తెలిసిన ఉపాధ్యాయుడో, ఆశా కార్యకర్తో పక్కన ఉండాలి. దీనికి కొత్త చట్టం అవసరం లేదు, జిల్లా యంత్రాంగపు ఉత్తర్వు చాలు.

రెండవది, 2013 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలోని పాల్ఘర్‌లోనే ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, పాఠశాలలకు ఒకసారి రావాలి. మాట ఆలస్యమైన ప్రతి తెలుగు బిడ్డకూ ముందుగా వినికిడి పరీక్ష జరగాలి. భాష సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

మూడవది, ప్రాథమిక స్థాయిలో పదిమంది దివ్యాంగ విద్యార్థులకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో పేర్కొన్నది. ఆ పోస్టులను మంజూరు చేసి భర్తీ చేయాలని 2025 మార్చిలో రాష్ట్రాలను ఆదేశించింది. ఈ నియామకాలలో సరిహద్దు కేంద్రాలకు తెలుగు తెలిసినవారిని పంపడం పెద్ద పని కాదు.

నాలుగవది, మహారాష్ట్రలో స్థానిక సంస్థలు తమ స్వీయ ఆదాయంలో 5 శాతం దివ్యాంగుల కోసం వెచ్చించవలసి ఉన్నది. కిన్వట్ నుంచి నాందేడ్‌కు నూరు కిలోమీటర్లకు మించిన దూరం. తల్లీబిడ్డల ప్రయాణ ఖర్చుకు, ఒక రోజు కూలి నష్టానికి ఈ నిధి నుంచి సాయం అందేలా గ్రామసభలలో అడగాలి.

చివరిది, సికిందరాబాద్‌లోని జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థ 1984 నుంచి పనిచేస్తున్నది. అది కేంద్ర సంస్థ కనుక రాష్ట్ర సరిహద్దు దానికి అడ్డు కారాదు. మన నాందేడ్ రైల్వే డివిజన్ సైతం సికిందరాబాద్ కేంద్రంగా గల దక్షిణ మధ్య రైల్వేలో భాగంగా నడిచినదే. రైలు విషయంలో కుదిరిన ఏర్పాటు, తెలుగు తల్లులకు శిక్షణ విషయంలో ఎందుకు కుదరదు?

పింఛను పెంపు కోసం జరిగే పోరాటం న్యాయమైనదే, సాగవలసినదే. దానితోపాటు, ఈసారి శిబిరానికి బిడ్డను తీసుకువెళ్లే తల్లిదండ్రులు ఒక్క మాట అడగాలని మనవి: ‘మా వాడికి మరాఠీ అంతగా రాదు, తెలుగులో కూడా అడిగి చూస్తారా?’ అలా అడగడం వారి హక్కు. అడిగించడం ఆ ఊరి ఉపాధ్యాయుల బాధ్యత.