డిజిటల్ రూపాయి: చట్టంలో నోటు, చేతిలో ఫోను

తిరుమలగిరి (సికింద్రాబాద్): ఫోనులోని డిజిటల్ రూపాయికి, చెల్లింపుల యాప్‌లో కనిపించే బ్యాంకు నిల్వకు తేడా ఏమిటన్న సందేహం వ్యాపారులలోనూ, వినియోగదారులలోనూ కలదు. చూపుకు రెండూ ఒకటే. చట్టం దృష్టిలో మాత్రం వేర్వేరు.

రెండు రకాల రూపాయలు ఈ ప్రాంతానికి కొత్త కాదు. నిజాం కాలంలో కంటోన్మెంటులో బ్రిటిష్ ఇండియా రూపాయి, దాని ఎల్లలు దాటితే ప్రధానంగా హాలీ సిక్కా చెలామణి అయ్యేవి. హైదరాబాద్ నోట్లకు 1918 నాటి చట్టం ఆధారం. 7 హాలీ రూపాయలకు 6 భారత రూపాయల లెక్కన మారకం జరిపి, 1953లో పార్లమెంటు చేసిన చట్టంతో ఆ ద్రవ్యాన్ని ఉపసంహరించారు. నాణెంలోని లోహం మారలేదు, చట్టం మారినది.

డిజిటల్ రూపాయికి చట్టబలం 2022 ఆర్థిక చట్టం ద్వారా లభించినది. ఇందుకు ప్రత్యేక శాసనం చేయలేదు. 1934 నాటి భారతీయ రిజర్వు బ్యాంకు చట్టంలో ‘బ్యాంకు నోటు’ అంటే భౌతిక రూపంలో గాని, డిజిటల్ రూపంలో గాని జారీ అయినదని నిర్వచించారు. చేర్చినవి కొద్ది మాటలే, ఫలితం పెద్దది. 26వ సెక్షన్ ప్రకారం బ్యాంకు నోటు దేశమంతటా చెల్లుతుంది, దానికి కేంద్ర ప్రభుత్వ హామీ ఉంటుంది. బ్యాంకు డిపాజిట్టుకైతే బీమా 5 లక్షల రూపాయల వరకే. వాలెట్టు అందించిన బ్యాంకు దెబ్బతిన్నా డిజిటల్ రూపాయి రిజర్వు బ్యాంకు బాధ్యతగానే నిలుస్తుంది. అయితే 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయినది కూడా ఈ సెక్షన్ కిందనే. ఆ అధికారం డిజిటల్ నోటుకూ వర్తిస్తుంది.

జాగ్రత్తగా చదవవలసినది కొత్తగా చేర్చిన 22ఏ సెక్షన్. నోట్ల విలువలు, నమూనా, పునర్జారీ, పోయిన లేక చిరిగిన నోట్లు, చిల్లర సరఫరాలకు సంబంధించిన 24, 25, 27, 28, 39 సెక్షన్లు డిజిటల్ నోటుకు వర్తించవని అది చెబుతుంది. చిరగని నోటుకు వీటిలో కొన్ని అనవసరమే. 28వ సెక్షన్ సంగతి వేరు. పోయిన, చిరిగిన కాగితపు నోటుకు సొమ్ము హక్కుగా కోరే వీలు అందులోనూ లేదు, కానీ అనుగ్రహపూర్వకంగా చెల్లించేందుకు నిబంధనలు చేసే అధికారం రిజర్వు బ్యాంకుకు ఉన్నది. 2009 నాటి నోట్ల వాపసు నిబంధనలు ఆ విధంగా వచ్చినవే. ఫోను పోగొట్టుకొన్నవారికి ఆ ఆసరా లేదు. వాలెట్టు ఇచ్చిన బ్యాంకు షరతులనే వారు ఆశ్రయించవలసి ఉంటుంది.

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు, కేంద్ర జాబితాలోని 36వ అంశం ప్రకారం ద్రవ్యం కేంద్రం పరిధిలోనిది. రాష్ట్ర శాసనసభ ఈ లోటును పూరించజాలదు. 2022 డిసెంబరు 1న నాలుగు నగరాలలో ప్రారంభమైన చిల్లర లావాదేవీల ప్రయోగం తదుపరి హైదరాబాద్‌కు విస్తరించినది. వాలెట్టు తెరిచేవారు ఫోను పోయినచో వర్తించే షరతులను ముందుగానే చదువుకొనవలెను.