జీవమందు సంచిపై తెలుగు ఎందుకు ఉండాలి?

బళ్లారి, రాయచూరు జిల్లాలలో మిరప పండించే తెలుగు రైతుకు ఎండు తెగులు కొత్త కాదు. ఫ్యుజేరియం అనే శిలీంధ్రం నేలలోనే పొంచి ఉండి, వేరు ద్వారా మొక్కలో ప్రవేశించి, నీటిని పైకి మోసే నాళాలను మూసివేస్తుంది. ఆకులు పసుపుబారి వేలాడతాయి; మొక్క నిలువునా ఎండుతుంది. కాండాన్ని చీల్చి చూస్తే లోపల గోధుమరంగు చారలు కనబడతాయి. తడి చాలక వాడిందనుకొని నీరు పెట్టినందువల్ల ఫలితం ఉండదు.

న్యాయవాదికి ఎరువుదిబ్బతో పనేమిటని పాఠకులు అడగవచ్చు. పని ఉంది. ఈ తెగులు నివారణకు వాడే ట్రైకోడెర్మా విరిడి కూడా ఒక శిలీంధ్రమే. అది బ్రతికి ఉన్నంతవరకే మందు. ఎండలో పడవేసినా, గడువు దాటినా, కార్బెండజిమ్ వంటి రసాయనంతో కలిపినా అది చచ్చి, చేతిలో వట్టి పొడి మిగులుతుంది. ఎకరాకు 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, తేమ ఆరకుండా నీరు చల్లుతూ, గోనెపట్టాలు కప్పి వారం పది రోజులు నీడలో ఉంచాలి. బూజు కమ్ముతుంది. కుళ్లిందని కొందరు పారబోస్తారు. నిజానికి మనకు కావలసినది ఆ బూజే! నాటుటకు ముందే, పదునున్న నేలలో దీనిని చల్లాలి. ఇప్పటికే వాడిన మొక్కను ఇది బ్రతికించదు.

ఇన్ని మెలకువలున్న మందును చదవలేని భాషలో చేతికిస్తే ఏమవుతుంది? అన్ని మందులతోపాటు ఒకే డ్రమ్ములో కలుపుతారు. తరువాత జీవమందులు పనిచేయవని తీర్పు చెబుతారు.

ట్రైకోడెర్మా 1968 పురుగుమందుల చట్టం పరిధిలోనిదే. హిందీ, ఆంగ్లాలతోపాటు సరుకు అమ్మే ప్రాంతంలో వాడుకలో ఉన్న ఒకటి రెండు ప్రాంతీయ భాషలలో కూడా లేబులు, కరపత్రం ముద్రించాలని 1971 నియమాలు చెబుతున్నాయి. రాష్ట్ర అధికార భాష అని కాదు, ఆ ప్రాంతంలో వాడుకలో ఉన్న భాష అని గమనించాలి. సిరుగుప్పలో తెలుగు వాడుకలో లేదని ఎవరనగలరు? కన్నడాన్ని తొలగించమని మనం కోరడం లేదు, కోరరాదు కూడా. రెండవ భాషకు నియమమే చోటిచ్చింది. సరిహద్దు దాటి కర్నూలు జిల్లాలో అమ్మాలంటే తెలుగు పాఠం ఎలాగూ సిద్ధం చేయవలసిందే కనుక, ఖర్చు అనే సాకు నాకు నచ్చదు.

తాలూకా వ్యవసాయాధికారికి అర్జీ పెట్టండి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం అది తెలుగులోనే ఉండవచ్చు. సంచి కొన్నప్పుడు తయారీ తేదీ చూసి, బ్యాచి నంబరు వేయించిన బిల్లు అడిగి తీసుకోండి. ఆ కాగితం లేనిదే వినియోగదారుల కమిషన్ ముందు మీ పక్షాన వాదించడం నావంటివారికి కష్టం.