కొండను చదివిన పంతులమ్మ

నెల్లూరు తీరాన ఇల్లు కట్టే మేస్త్రీకి మొదటి బెంగ పునాదే. పైన ఇసుక, కాస్త తవ్వితే నీళ్లు. ఎన్ని అంతస్తులు లేపినా, బరువంతా మోసేది కంటికి కనిపించని ఆ నేలే కదా!

ఆ కనిపించని నేలే తన చదువుగా, తన కొలువుగా చేసుకున్న ఓ పంతులమ్మ ఇదే కోస్తాలో, మన పొరుగున ఉన్న ప్రకాశం జిల్లాలో పుట్టారు. ఏడుగుండ్లపాడు రైతుబిడ్డ గాలి మాధవీలత. కాకినాడ జేఎన్‌టీయూలో 1992లో సివిల్ ఇంజినీరింగ్‌లో బీటెక్ పూర్తి చేశారు. వరంగల్‌లో బంగారు పతకంతో ఎంటెక్, మద్రాసు ఐఐటీలో 2000లో పీహెచ్‌డీ. ఆ తరవాత పరిశోధన కోసం బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు వెళ్లారు. గువాహటి ఐఐటీలో కొంతకాలం పాఠాలు చెప్పి, 2004లో తిరిగి తాను పరిశోధన చేసిన చోటికే అధ్యాపకురాలిగా వచ్చారు. అక్కడి సివిల్ విభాగంలో తొలి మహిళా అధ్యాపకురాలు ఆమే. నాటి నుంచీ ఆ తరగతి గదే ఆమె లోకం.

ఆ గది బయట ఆమెకో పెద్ద పరీక్ష ఎదురైంది. జమ్మూకశ్మీర్‌లోని రియాసీ జిల్లాలో చీనాబ్ నది మీద రైలు వంతెన. నది అడుగు నుంచి 359 మీటర్ల ఎత్తు... అంటే ఈఫిల్ టవర్‌ కన్నా ఎక్కువ! పొడవు 1315 మీటర్లు. అందులో ఉక్కు కమాను ఒక్కటే 467 మీటర్లు. ఆ కమాను రెండు కాళ్లూ ఆనేది నిట్టనిలువు కొండవాలు మీద. కొండ జారితే ఉక్కు ఎంత గట్టిదైనా ఒరిగేదేమీ లేదు. ఆ వాలును నిలబెట్టే లెక్కలు తేల్చే సలహాదారుగా మాధవీలత దాదాపు 17 ఏళ్లు పనిచేశారు.

చిక్కంతా ఎక్కడంటే, ముందు చేసిన సర్వేలో కనిపించని లోపాలు తవ్వేకొద్దీ బయటపడ్డాయి. పగుళ్లిచ్చిన రాయి, లోపల దాగిన బోలు గుంతలు. కాగితం మీది డిజైన్‌ను పట్టుకు కూర్చుంటే కుదరదు. రాయి ఏం చెబితే దాన్నిబట్టి మార్చుకుంటూ పోవాల్సిందే. వాలును బిగించి పట్టే ఉక్కు కడ్డీలు ఎక్కడ దించాలి, ఎంత లోతుకు దించాలి అన్నది అక్కడికక్కడే తేల్చుకోవాలి. ఈ అనుభవాన్నే ‘డిజైన్ యాజ్ యూ గో’ పేరుతో 2025లో పరిశోధనా పత్రంగా రాశారు. తాము వేసుకున్న లెక్క తప్పిన చోట ఒప్పుకుని దిద్దుకోవడం... ఏ విద్యార్థికైనా ఇంతకు మించిన పాఠం ఉంటుందా?

2025 జూన్ 6న వంతెన ప్రారంభమైంది. రాత్రికి రాత్రే ఆమె పేరు మోగిపోయింది. వంతెన వెనకున్న మహిళ అంటూ ఒకటే పొగడ్తలు. ఆమె మాత్రం, మెచ్చుకోదగిన వేలమందిలో తానూ ఒకరినని, అనవసరంగా తనను పెద్ద చేయొద్దని చెప్పారు. వాలును నిలబెట్టే ప్రణాళికల్లో, వాలు మీది పునాదుల డిజైన్‌లో సాయపడటమే తన పని అని సర్దిచెప్పారు.

ఈసారి నెల్లూరు దగ్గర పెన్నా వంతెన దాటేటప్పుడు ఒక్కసారి కిందికి చూడండి. స్తంభాలు ఇసుకలోకి దిగిపోయాక ఇక మనకేమీ కనిపించదు. అక్కడ కూడా ఎవరో నేలను చదివే ఉంటారు. వాళ్లకు అది నేర్పిన మాస్టారూ ఎక్కడో ఉండే ఉంటారు.